నీలం గోడ, ఎర్రజాజు గొర్రెలు

ఆ పొద్దు కుళ్లాయప్ప లేచిందే ఫోటో దిగడానికి. నార్వే దేశం నుంచి ఆరుగురు చర్చివాళ్లు జమ్మలమడుగు పక్కనున్న ఆ ఊరికొచ్చి వారమైంది. పగలు చర్చి గోడలకు నీలం కలిపిన సున్నం కొడుతున్నారు, సాయంత్రం ప్రార్థనలు చేస్తున్నారు, మధ్యలో ఉగ్గాని, బజ్జీ తిని కళ్లనీళ్లు కారుస్తున్నారు. వాళ్ల పెద్దామె ఇన్‌గ్రిడ్‌కు ఒకటే కోరిక. అసలైన గొర్రెల కాపరి ఫోటో ఒకటి తీసి తమ ఊరి చర్చిలో పెట్టుకోవాలి. తర్జుమాకని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సుమతి టీచరు టీ అంగట్లో ఆ మాట అనగానే కుళ్లాయప్ప చెయ్యెత్తేశాడు.

నిజం చెప్పాలంటే ఆయన గొర్రెల వెంట నడిచి నాలుగేళ్లయింది. ముప్పై గొర్రెల్నీ మేపేది భార్య వెంకటలక్ష్మమ్మ. ఈయన టీ అంగట్లో కూర్చుని గొర్రెల పెంపకం గురించి ఊరందరికీ చెబుతుంటాడు.

"ఈ పొద్దు నేను తోలుకపోతాలే" అన్నాడు, ఉతికిన పంచె కట్టి, కొత్త కంబళి భుజాన వేసుకుని.

"ఏమయ్యా, నీ మాట వింటాయా అవి?"

"వినకుండా యాడికి పోతాయి! కాపరిని నేనా, నువ్వా?"

వెంకటలక్ష్మమ్మ సంగటి కెలకడానికి లోపలికి పోయింది.

ఆమె తమ్ముడు ఓబులేసుకూ ముప్పై గొర్రెలున్నాయి. రెండేళ్ల కిందట రెండు మందలూ కలిసిపోతే బావా బామ్మర్దులు కట్టెలెత్తుకున్నారు. పెద్దమనుషులు కూర్చుని తెగ్గొట్టేశారు. కుళ్లాయప్ప గొర్రెల వీపున ఎర్రజాజు, ఓబులేసు గొర్రెల వీపున నీలం. ఏ రంగుంటే గొర్రె ఆ మనిషిది, మారు మాట లేదు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కుళ్లాయప్ప గొర్రెపిల్లను భుజానేసుకుని చర్చి ముందు నిలబడ్డాడు. ఇన్‌గ్రిడ్ కెమెరా సర్దుకునేలోగా గొర్రెలు ఎండకు ఓర్చుకోలేక గోడనీడకు పోయాయి. చల్లగా, తడిగా ఉన్న కొత్త సున్నానికి ఒళ్లు రుద్దుకున్నాయి. ఒకవైపు చాలక ఇంకోవైపూ రుద్దుకున్నాయి. కుళ్లాయప్ప వెనక్కి తిరిగేసరికి ముప్పై గొర్రెలూ, వీపు మీది ఎర్రజాజు కూడా కనబడకుండా, నీలంగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఓబులేసు తన మందతో దిగాడు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఆ రోజు అతనికి సెలవు. అతనిదీ ఉతికిన పంచే. ఫోటో కబురు అతనికీ అందింది మరి.

"ఏంది బావా, నా గొర్రెలన్నీ నీకాడుండాయి?"

"కండ్లు పోయినాయా? అది గోడ రంగు!"

"గోడదో గోచిదో నాకేం తెలుసు! పెద్దమనుషుల మాట ఉండాది. నీలముంటే నాది."

మంద మొత్తం పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి? ఆ భయానికి కుళ్లాయప్ప గొంతు ఇంకా పెంచాడు. ఇద్దరూ ఒకరి టవలు ఒకరు పట్టుకుని చర్చి వరండాలో తగువుకు కూర్చున్నారు.

సంగతేమిటని సుమతిని అడిగి తెలుసుకున్న ఇన్‌గ్రిడ్‌కు పాపం కన్నీళ్లొచ్చాయి. ఒకరింటి గొడవకు తమ గోడే కారణమైందని బాధపడింది. వెంటనే ఆరుగురూ బకెట్లు, షాంపూలు తెచ్చి బోరు దగ్గర గొర్రెల్ని కడగడం మొదలుపెట్టారు. నీళ్లు చూసి ఓబులేసు మంద కూడా దూరింది. వాళ్లు దేన్నీ వదల్లేదు. గంట తర్వాత అరవై గొర్రెలు తళతళలాడుతూ నిలబడ్డాయి. నీలం లేదు, ఎర్రజాజు లేదు.

బావా బామ్మర్దులు టవళ్లు వదలకుండానే వరండాలోంచి దిగొచ్చి, తమ గొర్రెలేవో వెతుక్కున్నారు.

"మామా, మీరు పిలిస్తే మీవి మీకాడికే వస్తాయంట కదా. పిలవమంటాంది ఈమె" అంది సుమతి.

కుళ్లాయప్ప గొంతు సవరించుకుని "హుర్ర్ర్... హోయ్!" అన్నాడు. ఒక్కటీ కదల్లేదు. ఒక పొట్టేలు మాత్రం తీరిగ్గా వచ్చి కొత్త కంబళి అంచు నమిలింది. ఓబులేసు ఈల వేశాడు. గొర్రెలు అటువైపు చూడనైనా లేదు. ఊరి జనం ముందు, పై దేశంవాళ్ల ముందు కుళ్లాయప్పకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అప్పుడొచ్చింది వెంకటలక్ష్మమ్మ, సంగటి క్యారేజీ పట్టుకుని. చూసింది. నాలుకతో "ట్ర్ర్ర్" మని ఒక్కసారి అంది. అరవై గొర్రెలూ ఆమె చుట్టూ మూగాయి.

"నావి నీకాడికెందుకొస్తాండాయి అక్కా?" ఓబులేసు నోరెళ్లబెట్టాడు.

"రెండేండ్ల సంది మేపేది నేనే కదరా! నీ పెండ్లానికి మోకాళ్ల నొప్పులు. నువ్వు డ్యూటీకి పోతానే నీ మందా నా ఎనకే వస్తాది. గుట్ట దాటినాక రెండూ ఒకటే మంద. మీకు రంగులు, మాకు మేత."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు కుళ్లాయప్ప.

"నువ్వెప్పుడన్నా గుట్ట దాటి వస్తే కదా."

బావా బామ్మర్దులు ఒకరి టవలు ఒకరు మెల్లగా వదిలారు. ఆమె క్యారేజీ ఊపుకుంటూ గుట్టవైపు నడిచింది. ఆమె వెనక గొర్రెలు. క్యారేజీలో సంగటి గుర్తొచ్చి, గొర్రెల వెనక ఆ ఇద్దరూ. ఇన్‌గ్రిడ్ కెమెరా అప్పుడు నొక్కింది.

ఫోటో కింద ఏం రాయాలని ఆమె అడిగితే సుమతి ఒకసారి వరసంతా చూసి చెప్పింది: "కాపరి, అరవై రెండు గొర్రెలు."