సరైన వేళకే కలగవలసిన ఆకలి

హారం అనే తమ పసివాడి పాలు, నిద్రల విషయంలో నేటినుంచి సడలింపు దినచర్య అమల్లోకి వచ్చినట్టు సాంగ్వాన్ గారు తమ ఇంటి హాల్లో నిలబడి ప్రకటించారు. కొరియాలోని ఉల్సాన్‌లో ఓడల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన సిబ్బంది విభాగానికి చిన్న అధికారి. సభకు హాజరైనవారు ముగ్గురు: భార్య యున్సోల్, తల్లి మాల్సున్, రెండు నెలల హారం. మూడో సభ్యుడు తన పిడికిలి తాను చప్పరించుకుంటున్నాడు.

"సడలింపు అంటే ఏమిటి? బాబు ఇష్టమైనప్పుడు పాలు తాగొచ్చు. కాకపోతే ఆ ఇష్టం సరైన వేళకి కలగాలి!"

"నువ్వు ఏడిస్తే పాలు పట్టేదాన్ని, తూగితే పడుకోబెట్టేదాన్నిరా," అంది మాల్సున్. "ఏ దినచర్యా లేకుండానే దున్నపోతులా పెరిగావు కదా!"

ఈ అభిప్రాయాన్ని సభ పరిగణనలోకి తీసుకోలేదు.

వేళకు ముందే హారం గుక్కపెట్టి ఏడిస్తే, అది నిజమైన ఆకలి కాదని తండ్రిగారు ధ్రువీకరించేవారు. యున్సోల్ పాలు మాత్రం ఆ ధ్రువీకరణకు ఆగక ఆమె చొక్కా తడిపేసేవి. ఏడ్చి ఏడ్చి వాడు సొమ్మసిల్లి నిద్రపోయాక సరైన వేళ అయ్యేది. అప్పుడు లేపి పట్టేవారు. తాగిందంతా వాడు తండ్రి టై మీద కక్కేవాడు. "తొలిదశ ఇబ్బందులు" అంటూ ఆయన టై మార్చుకుని ఆఫీసుకు వెళ్ళేవారు.

కునుకు లేని యున్సోల్ ఒక ఉదయం భుజాన వేసుకున్నదాన్ని త్రేన్పు కోసం మెత్తగా తట్టింది. ఎంత తట్టినా త్రేన్పు రాలేదు. అది బియ్యం సంచి. బాబు సోఫా అంచున ఉన్నాడు. ఒక కాలు అప్పటికే గాల్లో ఉంది. మాల్సున్ పరుగున వచ్చి అందుకుంది. యున్సోల్ నేలమీద కూలబడింది.

"అత్తయ్యా, వాడు పడిపోయుంటే?"

"పడలేదుగా! ముందు నువ్వు పడుకో. వాడి ఆకలి సంగతి వాడికి తెలుసు, మీ ఆయనకేం తెలుసు?"

అదృష్టవశాత్తు ఆ వారమే కంపెనీ సాంగ్వాన్ గారిని 'సడలింపు పనివేళలు' అన్న నెల్లాళ్ళ శిక్షణకు వేరే ఊరు పంపింది. తెల్లవారకముందే హాజరు, తప్పితే జరిమానా.

ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ అరాచకానికి పాల్పడ్డారు. లేవగానే పాలు, తర్వాత కాస్త ఆట, కళ్ళు నులిమితే నిద్ర. మధ్యలో ఆకలేస్తే వరస మారేది. హారం ఎవరికీ సంజాయిషీ ఇచ్చేవాడు కాదు. వాడు పడుకుంటే యున్సోల్ కూడా పడుకునేది. ఆయన తిరిగొచ్చేసరికి పిల్లవాడు ఇంచుమించు ఒకే వేళలకు తాగుతూ, పడుకుంటూ, బోసినోటితో నవ్వుతున్నాడు.

"చూశారా, నా విధానం ఫలించింది!"

"అవునండీ. మీరు అటు వెళ్ళారు, ఇటు ఫలించింది," అంది యున్సోల్.

ఆయన ప్రశంసగానే స్వీకరించారు.

వార్త పాకి, పిల్లలున్న ఉద్యోగులందరికీ ఆయన ఉపన్యాసం ఏర్పాటైంది. సాక్ష్యంగా యున్సోల్ బిడ్డతో వెనక వరసలో కూర్చుంది. "పసివారికి నిద్రే ప్రాణం" అని ఆయన అంటుండగానే ముందు వరస తూలింది. కాసేపటికి డైరెక్టరు గారితో సహా హాలంతా గురకపెట్టింది. హారానికి ఆకలేసింది, వేళ కాకపోయినా తాగాడు.

చివరికి మెలకువ వచ్చిన డైరెక్టరు గారు పరవశించిపోయారు. "ఇంతమంది ముదుర్లని పగటిపూట పడుకోబెట్టావు! పసివాడొక లెక్కా?" అని సాంగ్వాన్ గారికి పదోన్నతి ఇచ్చారు. నిద్రపోయిన సమయానికి బదులు ఆ రాత్రి అందరూ ఆగి పనిచేయాలని ఆదేశించారు.

వాళ్ళు ఇళ్ళకు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. బాధ్యతగల తల్లిదండ్రులు కనుక వాళ్ళను లేపి, నిద్ర ఎంత అవసరమో విడమరిచి చెప్పారు.