మా సమ్సోనే చేసింది

ఆ శనివారం ఉదయం నతానియేలు మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. కుక్కకు స్నానం చేయించి, మెడకు కొత్త బెల్టు కట్టి, బస్సులో రాజోలు తీసుకెళ్ళి, స్టూడియోలో తన పక్కన కూర్చోబెట్టి ఫొటో తీయించుకోవాలి. కుక్క పేరు సమ్సోను. తల్లి ఆల్సేషన్. తండ్రి సంగతి ఎవరూ అడగకూడదు. కుక్కను బస్సెక్కనిస్తారా అన్న ఆలోచన మాస్టారికి రానే లేదు. హైస్కూలు హెడ్మాస్టరు మాట కాదనే కండక్టరు రాజోలు తాలూకాలో ఉండడని ఆయన నమ్మకం.

ఆ కుక్కంటే ఆయనకు ఎందుకంత ఇదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన తండ్రి ముప్ఫై ఏళ్ళు సోమేశ్వరరావు గారి కొబ్బరితోటకు కాపలా కాశాడు. కొడుకు చదువుకుని, ఆ తోట పక్కనే స్థలం కొని, డాబా వేసి, ప్రహరీ కట్టి, గేటు పెట్టి, గేటు దగ్గర కుక్కను పెట్టాడు. ఒకరి తోటను కాచిన వాళ్ళింటికి ఇప్పుడొక కాపలా ఉంది. ఆ గర్వంలో తప్పేమీ లేదు. చిక్కంతా కుక్కతోనే. దానికి పీతలంటే భయం, సైకిలు బెల్లంటే భయం, పక్కింటి గండుపిల్లి బుల్లబ్బాయి అంటే చెప్పలేనంత భయం. మాస్టారు మాత్రం అది దొంగలను కాలవ దాకా తరిమిన కథ స్టాఫ్‌రూములో వారానికోసారి చెప్పేవారు. చెప్పినప్పుడల్లా దొంగలు ఒకరిద్దరు పెరిగేవారు.

ఆ ఉదయం సోమేశ్వరరావు గారి తోటలో దింపు జరుగుతోంది. సత్తిబాబు చెట్టెక్కి కాయలు దింపుతున్నాడు. మాస్టారు సబ్బు కోసం లోపలికి వెళ్ళారు. ఇంతలో తోటలోంచి పిల్లి అరుపు వినబడింది. ఆ వెంటనే సమ్సోను ఎక్కణ్ణించో దూసుకొచ్చి మంచం కింద దూరింది. ఐదు నిమిషాల్లో సోమేశ్వరరావు గారు తుండుగుడ్డలో బుల్లబ్బాయిని చుట్టుకుని గేటు ముందు నిలబడ్డారు.

"మాస్టారూ! మీ కుక్క మా బుల్లబ్బాయి కాలు విరగ్గొట్టేసిందండి. అరుపు విని నేను పరిగెత్తుకొచ్చేసరికి, పారిపోతున్న దాని తోక కళ్ళారా చూసేనండి."

కాస్త లౌక్యం తెలిసినవాడైతే "మా కుక్క కాదండీ" అంటాడు. లోకజ్ఞానం ఉన్నవాడైతే "అయ్యో పాపం" అంటాడు. మాస్టారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"మా సమ్సోనేనాండీ? నిజంగా?"

"నిజంగానేనండి!"

"ఒక్క దెబ్బకే పడగొట్టేసిందాండీ?"

సోమేశ్వరరావు గారు దాన్ని వెటకారం అనుకున్నారు. పిల్లలు లేని ఆ ఇంట్లో బుల్లబ్బాయికి పాలు పోశాకే కాఫీకి పాలు. పశువుల డాక్టరు వెదురుబద్దలు పెట్టి కట్టు కడుతుంటే భార్య సీతారత్నం గారు కన్నతల్లిలా ఏడ్చారు. ఆ ఏడుపు చూసి ఆయన నేరుగా ప్లీడరు దగ్గరికి వెళ్ళారు.

నాలుగో రోజున నోటీసు వచ్చింది. "క్రూర స్వభావము గల కుక్కను, ఆ స్వభావము తెలిసియుండియు, కట్టకుండా విడిచినందున" అంటూ మొదలైంది. మాస్టారు ఆ ముక్కను భార్య కృపావతికి రెండుసార్లు చదివి వినిపించారు.

"అది మెచ్చుకోలు కాదండీ, కేసు!" అందావిడ.

"తెలుసులేవే. ఆ భాష చూడు, ఎంత నిండుగా ఉందో!"

నోటీసును ఆయన స్టాఫ్‌రూములో కూడా చదివారు. సాయంత్రానికి ఊళ్ళో పిల్లి కాలు కాస్తా దూడ కాలైంది. మర్నాటినుంచి పోస్టుమాను ఉత్తరాలు రోడ్డుమీంచే విసిరేశాడు. పాలమనిషి గేటు దాటనంది. చెంబు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చింది కృపావతి. ఇంతా జరుగుతుంటే మాస్టారు పంచె అంచు పట్టుకుని మరీ హుందాగా నడవసాగారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్లీడరు అమ్మిరాజు గారి వరండాలో రాజీ పెట్టారు. ఆయన అమలాపురంలో ప్రాక్టీసు చేసినా ఈ ఊరివారే. సోమేశ్వరరావు గారి తరఫున నోటీసు ఇచ్చిందీ ఆయనే, మాస్టారి మీద గౌరవంతో రాజీకి పిలిచిందీ ఆయనే.

"చూడండి మాస్టారూ, కుక్క క్రూరమైందని యజమానికి ముందే తెలిసుంటేనే పూచీ ఆయనదండి. తెలీకపోతే లేదు. మా కుక్క సాధువని ఒక్క ముక్క రాసిచ్చేయండి, అందరం కాఫీ తాగి లేద్దాం."

సాక్షిగా చేపలమ్మే భూలక్ష్మిని కృపావతే వెంటబెట్టుకొచ్చింది.

"ఆయ్, ఆ కుక్కాండీ?" అంది భూలక్ష్మి. "నా గంపలో పీత కదిలితే చాలండి, మాస్టారి కాళ్ళ సందున దూరిపోద్దండి. మొన్న గాలికి నా చెంగు ఎగిరితే జడుసుకుని కాలవలో పడిపోయిందండి. నేనే దిగి పైకి లాగేనండి."

వరండా అంతా నవ్వింది. సోమేశ్వరరావు గారు కూడా నవ్వారు. అమ్మిరాజు గారు కాగితం, కలం ముందుకు జరిపారు. సంతకం పెడితే కేసు లేదు. కానీ పెట్టిన క్షణంనుంచి ఆ గేటు దగ్గర కాపలా కూడా లేదు. మాస్టారు కలం అందుకున్నారు. కలం కింద పెట్టి లేచి నిలబడ్డారు.

"రాయనండి. మా సమ్సోను సాధువు కాదు. పుట్టుకతోనే క్రూరం. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే వదిలేను."

"ఏవండీ, గెలిచిన కేసండీ!" అంది కృపావతి.

"మా నాన్న ఈయన తోటలో ఒక్క కాయ పోయినా పూచీ నాదేననేవాడు. నా ఇంటి కుక్క చేసినదానికి పూచీ నాది కాకపోతే ఇంకెవరిదే?"

అంటూనే కూర్చుని, పిల్లి మళ్ళీ నడిచేదాకా వైద్యం, పోషణ తన ఇంట్లోనే జరుగుతాయని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టేశారు. ఆయన పెన్ను మూత పెడుతుండగా సత్తిబాబు వరండా ఎక్కాడు. దింపు అయిన సాయంత్రమే ఓడలరేవులో అత్తారింటికి వెళ్ళినవాడు అప్పుడే తిరిగొచ్చాడు.

"అయ్యగారూ, బుల్లబ్బాయికి ఎలాగుందండి?" అని సోమేశ్వరరావు గారిని అడిగాడు. "తప్పు నాదేనండి. చేతిలోంచి గెల జారి దాని కాలిమీద పడిందండి. తిడతారని చెప్పలేదండి. ఆ చప్పుడుకే కదండీ, కుక్క అలా పారిపోయింది."

అమ్మిరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పడ్డది సోమేశ్వరరావు గారి గెల, పడేసింది ఆయన మనిషి. నోటీసు ఇవ్వాల్సి వస్తే ఆయనకే ఇవ్వాలి. సోమేశ్వరరావు గారు తల వంచుకున్నారు. కోపం వచ్చింది మాస్టారికొక్కరికే.

"సత్తిబాబూ, అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"చెట్టుమీదండి."

"ఎంత ఎత్తు?"

"నలభై అడుగులుంటాదండి."

"నలభై అడుగుల పైనుంచి నీకు గెల జారిందే తెలుసు. అంతకుముందే మావాడు దాన్ని పడగొట్టేడు. పడుండబట్టే గెల తగిలింది. లేకపోతే పిల్లికి తప్పుకోవడం చేతకాదా?"

సత్తిబాబు దిక్కుతోచక యజమాని వంక చూశాడు. సోమేశ్వరరావు గారు మాస్టారి వంక చూశారు. మాస్టారు సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన ముందుకు చాపుతున్నారు. క్షమాపణ చెప్పించుకోవాల్సిన మనిషి తనకు శిక్ష వేయమని బతిమాలుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళు తన తోట గట్టుమీద కర్ర పట్టుకు తిరిగిన మనిషి సోమేశ్వరరావు గారికి జ్ఞాపకం వచ్చాడు. ఆయన సత్తిబాబు వైపు తిరిగారు.

"నువ్వూరుకోరా సత్తిబాబూ. మాస్టారు చెప్పిందే నిజమండి. నేను చూసేను కదా! పులిలా దూకిందండి. అసలు ఆ కుక్క వచ్చినకాణ్ణించే మా తోటలో కూడా కాయ పోవట్లేదండి."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. లేచి సోమేశ్వరరావు గారికి నమస్కారం పెట్టారు.

ఆ సాయంత్రమే సీతారత్నం గారు బుల్లబ్బాయిని బుట్టలో తెచ్చి, పాలగిన్నెతో సహా అప్పగించి వెళ్ళారు. అది నలభై రోజులు మాస్టారింట్లో ఉంది. ఆ నలభై రోజులూ సమ్సోను సోమేశ్వరరావు గారింట్లో తలదాచుకుంది.