నూటయాభై ఏళ్లు ఆలస్యంగా అందిన యుద్ధవార్త

వార్త తాజాగా ఉండాలనుకోవడం వట్టి మూఢనమ్మకం. తాజా వార్త బీపీ పెంచుతుంది. నూటయాభై ఏళ్లు మాగిన వార్త ఆయుష్షు పెంచుతుంది. నమ్మరా? అయితే కళ్లద్దాల షాపాయన సంగతి వినండి.

వెనకటికి రెండు పెద్ద రాజ్యాలు ఓ చిన్న దీవి కోసం సముద్రం మీద మూడేళ్లు కొట్టుకున్నాయి. ఆ వార్తలు వేసిన ఒకవైపు రాజ్యం వారపత్రికలంటే ఆయనకి ప్రాణం. నూటనలభై పోగేశాడు. మంచం వాటికి అప్పగించి మొగుడూ పెళ్లాం చాప మీదికి దిగారు. ఇద్దరికీ నడుంనొప్పి మాయం! ఏ డాక్టరు చేస్తాడండీ ఇంత ఉపకారం?

రోజుకొక్కటే, వరస తప్పకుండా చదివేవాడు. యుద్ధం ఎటు తిరుగుతుందోనన్న బెంగలో ఒకావిడ ఎడమకంటి అద్దాన్ని కుడికంటికి బిగించాడు. ఆవిడా ఓడల కబుర్లలో పడి, అసలు కళ్లజోడే మర్చిపోయి వెళ్లిపోయింది.

మొన్న ఆదివారం ఆఖరి సంచిక ముగించి వంటింట్లోకి పరుగెత్తాడు.

"గెలిచామే! శత్రువుల ఓడలు ఏడుకి ఏడూ మునిగాయి."

"మనమెప్పుడు దిగాం యుద్ధంలోకి?" అంది భార్య, ఉల్లిపాయలు తరుగుతూ.

ఆయన వింటేగా! ఇరుగుపొరుగుని పిలిచి కాఫీలిచ్చాడు. ఎందుకో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పోస్టులో, ఆయన ఎప్పుడో డబ్బు కట్టిన అవతలి రాజ్యం పాత పత్రిక వచ్చింది. అదే వారానిది. భార్యే విప్పి చదివింది. అందులో అవతలివాళ్లు గెలిచారు. మునిగినవి ఇవతలివాళ్ల ఓడలు. అవీ ఏడే.

ఆయన చాప మీద కూలబడ్డాడు. "మరి గెలిచిందెవరే?"

"అది తర్వాత చూద్దాం. ఇంతకీ ఆ దీవిలో జనం ఏమయ్యారండీ?"

అక్కడ జనం ఉంటారన్న ఆలోచనే ఇన్నాళ్లూ ఆయనకి రాలేదు.

షాపు రెండు రోజులు మూసేసి, పత్రికలన్నీ నేలంతా పరిచి, ఇద్దరూ చెరో భూతద్దం పట్టుకుని వెతికారు. సేనాధిపతుల మీసాల మీద పేజీలకి పేజీలున్నాయి. ఒక కెప్టెన్ గారి కుక్కకి జలుబు చేస్తే అరకాలమ్ రాశారు. దీవి గురించి దొరికింది ఒక్క వాక్యం: "అక్కడ నిమ్మకాయలు బాగుంటాయి."

భార్య లేచి వెళ్లి ఆ రోజు పేపరు తెచ్చింది. ఎక్కడో యుద్ధం. మొదటి పేజీ నిండా విమానాల లెక్క, బాంబుల బరువు, రెండు వైపులా విజయం. ఇద్దరూ తలలు ఆనించి ఆఖరి పేజీ దాకా చూశారు.

"నిమ్మకాయలు కూడా లేవండీ," అంది.