నాలుగు శాస్త్రాల గది

మంత్రిగారి ప్రకటన పత్రికలో వచ్చిన పొద్దునే నేను అక్క సంచి సర్దడం మొదలుపెట్టాను. ప్రకటన మొదటి పేజీలో ఆయన ఫొటో కింద ఉంది. ఫొటోలో మంత్రిగారు సూక్ష్మదర్శినిలోకి చూస్తున్నారు. చూడాల్సిన వైపు నుంచి కాకపోయినా చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"వైద్యం, జీవశాస్త్రం, పర్యావరణం, భౌతికశాస్త్రం తలో చోట కూర్చుని, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా దేశాన్ని వెనక్కి లాగుతున్నాయి. ఇకమీదట నాలుగూ ఒకే గదిలో, ఒకే ప్రయోగంలో, ఒకే రోగి మీద పనిచేస్తాయి. ప్రపంచంలో ఎవరూ చేయని సాహసం ఇది" అన్నారు మంత్రిగారు.

ఎవరూ ఎందుకు చేయలేదో పత్రికలో రాయలేదు. చోటు చాలకపోయి ఉంటుంది.

సాహసానికి ఎంపికైన రోగుల్లో మా అక్క ఉంది. వయసున్న రోజులన్నీ నూలు మిల్లులో పనిచేసింది. ఆ దూది పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మా గది పై అంతస్తులో ఉంది. మెట్లెక్కుతూ అక్క మధ్యలో కూర్చుండిపోయేది. "వ్యూ బాగుంది" అనేది, గోడ తప్ప అక్కడేమీ కనపడకపోయినా. మిల్లు రోగాలకి మందు కనిపెట్టిన పెద్దాసుపత్రి డాక్టరమ్మ, ఈ మందుతో తగ్గుతుందని చెప్పలేదు. తగ్గవచ్చు అంది. ఆ 'వచ్చు' కోసమే అక్క ఒప్పుకుంది.

నేను సంచిలో రెండు స్వెట్టర్లు పెట్టాను. దుప్పటి, ఫ్లాస్కు, పిన్నీసులు, అదనంగా ఒక కళ్ళజోడు, చిన్న కత్తెర, దారపు ఉండ కూడా పెట్టాను.

"నేను ప్రయోగానికి వెళ్తున్నానా, కాపురానికా?" అంది అక్క మంచం మీంచి.

"చలేస్తే?"

"నడి వేసవిలోనా?"

"ప్రయోగాలంటే ఏం చేస్తారో ఎవరికి తెలుసు? చలి పెట్టి చూస్తారేమో."

అక్క నవ్వబోయి, నవ్వితే దగ్గొస్తుందని సగంలో ఆపేసింది.

ఎవరైనా సంచి చేత పట్టుకుంటే నాకు అరికాళ్ళు చల్లబడతాయి. మా నాన్న 'ఇప్పుడే వస్తా' అని వెళ్ళాడు. మా ఆయన 'రాత్రి భోజనానికి ఉంటా' అని వెళ్ళాడు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులే, ఆ ఒక్కసారి తప్ప.

"భయపడకే. నేను వస్తానని చెప్పి వెళ్ళనులే. మనింట్లో చెప్పి వెళ్ళినవాళ్ళెవరూ రాలేదుగా" అంది అక్క.

పరిశోధనాలయం ఊరి చివర కొత్త భవనం. గోడల రంగు ఇంకా ఆరలేదు. ఆనుకున్నవాళ్ళంతా వీపు మీద కాస్త పరిశోధనాలయాన్ని మోసుకుపోతున్నారు. ప్రారంభోత్సవానికి రోగుల బంధువులని కూడా రానిచ్చారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఆ కత్తెర చేతిలో ఉండగానే డాక్టరమ్మని అడిగారు.

"ఇప్పుడు చెప్పండి, ఏం చేస్తారు?"

"రెండు గదులు సార్. ఒక గదిలో వాళ్ళకి అసలు మందు. రెండో గదిలో వాళ్ళకి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. మిగతా అంతా రెండు గదుల్లోనూ ఒకేలా ఉంటుంది. అప్పుడు తేడా వస్తే అది మందు వల్లేనని తెలుస్తుంది."

మంత్రిగారు చాలాసేపు తలూపారు.

"బాగుంది. మరి ఇందులో మిగతా మూడు శాస్త్రాలూ ఎక్కడున్నాయి?"

"వాటితో అవసరం లేదు సార్."

"అవసరం లేదని మీరంటారు. ఇక్కడ నిలబడ్డ ఈ ముగ్గురు సెక్రటరీలు ఏమంటారు?"

ముగ్గురు సెక్రటరీలూ మంత్రిగారి వెనక వరస కట్టారు. నిలబడ్డ తీరులోనే అంతా ఉంది.

అక్కడికక్కడే మంత్రిగారు ప్రయోగాన్ని విస్తరించారు. జీవశాస్త్రం తరఫున గోడల నిండా నాచు పెంచుతారు. అది గాలిని శుభ్రం చేస్తుందట. పర్యావరణం తరఫున బీరువా అంత గాలి యంత్రం వస్తుంది. భౌతికశాస్త్రం తరఫున పైకప్పుకి నీలి దీపాలు, మంచాల కింద అయస్కాంతాలు. అయస్కాంతాలు దేనికని ఎవరో అడిగితే భౌతికశాస్త్రం సెక్రటరీ "ఉండనివ్వండి" అన్నారు.

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "సార్, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోవడమే మంచిది డాక్టరుగారూ" అన్నారు మంత్రిగారు ఎంతో దయగా. "తెలిస్తే ఒక్క శాఖకే పేరొస్తుంది. మిగతా ముగ్గురూ ఊరుకుంటారా? ప్రభుత్వం నిలబడాలా, వద్దా?"

సైన్సుకీ ప్రభుత్వానికీ ఉన్న బంధాన్ని ఇంత సులువుగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు. నా పక్కనున్న ప్రత్యేకాధికారిగారి కళ్ళు చెమర్చాయి. ప్రయోగానికి ఏ ఇబ్బందీ రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. చేతిలో ఎప్పుడూ వాకీటాకీ ఉండేది. అవతల ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

చీట్లు తీశారు. అక్కకి నాలుగు శాస్త్రాల గది వచ్చింది. అసలు మందు ఆ గదికే. నేను ఆనందంతో అందరు దేవుళ్ళకీ దణ్ణం పెట్టుకున్నాను. రెండో గదిని పోలిక గది అన్నారు. అందులో తెల్ల గోడలు, మంచాలు, ఒక పెద్ద కిటికీ తప్ప ఏమీ లేవు. ఆ గది వచ్చినవాళ్ళ బంధువులని చూస్తే జాలేసింది.

బంధువులు బయటి ధూళి కిందికి వస్తారు కనక మమ్మల్ని అద్దం ఇవతలే కూర్చోబెట్టేవారు. మాట్లాడటానికి గోడకి ఫోను ఉండేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క ఆ ఫోను తీసి, "బుద్ధుందా నీకు, ఇంత ఎండలో గొడుగైనా లేకుండా పడుతూ లేస్తూ రాకపోతే నేనేమైనా పారిపోతానా, పోయినా ఈ నీలి దీపాల్లో రంగుపిట్టలా దూరానికే కనపడతాను కదే పిచ్చిమొహమా" అంది.

నేను ఏడ్చేశాను. తిట్టినందుక్కాదు. మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా తిట్టినందుకు. అంత పొడుగు తిట్టు అక్క నోట విని ఎన్నేళ్ళయిందో!

"మందు పనిచేస్తోంది" అంది నా వెనక నిలబడ్డ డాక్టరమ్మ. నవ్వబోయి, అద్దంలోంచి గోడల మీది నాచుని చూసి ఆగిపోయింది.

నాచు ఏపుగా పెరిగింది. దాన్ని చూడటానికి జీవశాస్త్రం సెక్రటరీ భార్యతో సహా వచ్చారు. తర్వాతి వారం వెళ్ళేసరికి అక్క గొంతులో పాత గరగర వినిపించింది.

"ఏం జరుగుతోందక్కా లోపల?"

"పొద్దున జీవశాస్త్రం వచ్చి గోడలు తడుపుతుంది. తడవకపోతే నాచు చచ్చిపోతుందట. మధ్యాహ్నం పర్యావరణం వచ్చి, ఇంత తడేమిటని కేకలేసి యంత్రం పెడుతుంది. సాయంత్రం భౌతికశాస్త్రం వచ్చి దీపాలు వేస్తుంది. దీపాలు వేస్తే యంత్రం ఆగిపోతుంది. తడి మాత్రం ఎవరికీ భయపడకుండా ఉండిపోతుంది."

"మరి వైద్యం?"

"వైద్యం నీ వెనకే ఒక మూల నిలబడి ఏడుస్తోంది, పాపం. ఆ డాక్టరమ్మకి కాసిని మంచినీళ్ళివ్వు." అని దగ్గి, దగ్గు ఆగాక అంది, "నాచంటే ఏమిటో అనుకున్నానే. పాచి! మా మిల్లు గోడలకి ఉండేది. వారానికోసారి గోకించేవాళ్ళు. ఇక్కడ దానికి నాకంటే మర్యాద ఎక్కువ."

గదిలో దగ్గనివాడు ఒక్కడే ఉన్నాడు. చివరి మంచం మీద కండలు తిరిగిన కుర్రాడు, బస్కీలు తీస్తున్నాడు. మంత్రిగారి డ్రైవరు బావమరిదట.

"ఏం జబ్బు?" అన్నాను.

"ఉద్యోగం లేదు" అంది అక్క.

సరిగ్గా ఆ రోజే మంత్రిగారు తనిఖీకి వచ్చారు. ముందు పోలిక గదికి వెళ్ళారు. అక్కడివాళ్ళు కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని, గాలి పీల్చుకుంటూ పేకాడుతున్నారు. ఒకావిడ మంత్రిగారికి లేచి నమస్కారం పెట్టి, మళ్ళీ ఆయాసం లేకుండా కూర్చుంది. మంత్రిగారి మొహం మాడిపోయింది.

"వీళ్ళకి బాగుండటానికి పర్మిషన్ ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్" అన్నారు ప్రత్యేకాధికారిగారు. "కిటికీ తెరిచి ఉంది సార్."

"మూయించండి."

మేకులు తెప్పించి మూయించారు. శాస్త్రంలో కచ్చితత్వం అంటే ఏమిటో ఆ సుత్తి దెబ్బలు వింటే నాకు అర్థమైంది.

ఆ మర్నాడే డాక్టరమ్మ మంత్రిగారి గదికి వెళ్ళి, నాచు తీసేయకపోతే జనం చచ్చిపోతారని బల్ల గుద్ది చెప్పిందట. ఇంత ధైర్యమున్న మనిషి చిన్న ఉద్యోగంలో ఉండకూడదని మంత్రిగారు అప్పటికప్పుడు ప్రమోషన్ ఇచ్చారు. ఇప్పుడావిడ సముద్రం మధ్య ఏదో లంకలో పక్షుల ఆరోగ్యానికి డైరెక్టరు.

ఆవిడ వెళ్ళాక ప్రయోగం చాలా ప్రశాంతంగా సాగింది. నేను వెళ్ళినప్పుడల్లా అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉండేది. అక్క తన స్వెట్టరు చేతి అంచుతో దాన్ని తుడిచేది. మొహం కనపడేది. మాట్లాడుతుండగానే మళ్ళీ మసకేసేది.

నేను ప్రత్యేకాధికారిగారి దగ్గరికి పరిగెత్తాను.

"బాబూ, మా అక్కకి ఊపిరాడటం లేదు. నాలుగో మంచం."

ఆయన వినయంగా లేచి నిలబడ్డారు. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్న మనిషి.

"నాలుగో మంచం ఆవిడ ప్రయోగం నుంచి తప్పుకున్నారు పెద్దమ్మగారూ."

"ఎప్పుడు?"

"మొన్న. స్వచ్ఛందంగా."

"ఎక్కడ తప్పుకుంది బాబూ, ఇప్పుడే చూసొచ్చాను, మంచం మీదే ఉంది కదా!"

"మంచం మీద ఉన్నారు. ప్రయోగంలో లేరు." ఓపిగ్గా వివరించారు. "ఏ ప్రయోగంలోనైనా కొందరు మధ్యలో తప్పుకుంటారు. తప్పుకున్నవాళ్ళు ఫలితాల్లోకి రారు. ఇది ప్రపంచమంతా ఉన్న పద్ధతే. ఎవరికైనా జబ్బు పెరిగిందంటే వాళ్ళకి ప్రయోగం మీద ఆసక్తి తగ్గినట్టే కదా. వాళ్ళ మనసు తెలుసుకుని, అడక్కుండానే మేం తప్పిస్తున్నాం."

"మా అక్క ఒక్కతేనా?"

"చాలామందికి ఆసక్తి తగ్గిందండీ."

"మరి మందు ఇస్తున్నారా?"

"ప్రయోగంలో లేనివారికి ప్రయోగం మందు ఇస్తే నేరం. అయినా మానవత్వం అని ఒకటుంది. దగ్గు బిళ్ళలు ఇస్తున్నాం."

"అయితే నా మనిషిని నాకివ్వండి. తీసుకుపోతాను. వేరే డాక్టరుకి చూపించుకుంటాను."

ఆయన నొచ్చుకున్నారు. "ఫలితాలు ప్రకటించేదాకా గేటు దాటించడానికి లేదండీ. బయట ఎవరైనా పరీక్ష చేస్తే మన ప్రయోగం పాడైపోదూ?"

"తప్పుకుందన్నారుగా?"

"తప్పుకున్నారు. కానీ లోపలే తప్పుకున్నారు."

నేను గేటు దగ్గర కూర్చున్నాను. కాపలావాళ్ళు మంచివాళ్ళు, కూర్చోవడానికి అట్టముక్క ఇచ్చారు. లేచినప్పుడల్లా వెళ్ళి అద్దం ముందు నిలబడేదాన్ని.

"వచ్చేయవే అక్కా" అన్నాను ఫోనులో ఒకసారి.

"తలుపు తియ్యమను, వస్తా" అంది. మాటకీ మాటకీ మధ్య చాలా ఖాళీ. "మెట్లెక్కడానికే భయపడ్డానుగా. ఇక్కడ మెట్లు లేవు. అదొక్కటీ బాగుంది."

"ఊరికే నవ్వించకు."

"నవ్వు. నీకేం, నీకు దగ్గు రాదుగా."

అద్దం మసకేసింది. ఈసారి అక్క తుడవలేదు.

తర్వాత ఫలితాల సభ జరిగింది. ముందు వరసలో బంధువులకి కుర్చీలు వేశారు, వెనక వరసలో శాస్త్రవేత్తలకి. రోగుల కుటుంబాలు కూడా ఆనందంలో పాలుపంచుకోవాలని ప్రత్యేకాధికారిగారు స్వయంగా కారు పంపించి నన్ను రప్పించారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో దార్లోనే డ్రైవరు చెప్పాడు.

నాలుగు శాస్త్రాల గదిలో చివరిదాకా ప్రయోగంలో నిలిచినవారిని వేదిక మీదికి పిలిచారు. బావమరిది ఒక్కడే వచ్చాడు. మైకు ముందు నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. ఆ ఊపిరి హాలు చివరిదాకా వినిపించింది.

"నూటికి నూరు శాతం!" అన్నారు మంత్రిగారు గద్గదంగా. "ఇది ఏ శాస్త్రం గొప్ప అని అడగకండి. నాలుగూ గొప్పే. వచ్చే నెల నుంచి ప్రతి ఆసుపత్రిలో, ప్రతి గోడ మీదా ఈ నాచు పెంచుతాం."

వైద్యం సెక్రటరీతో కలిపి నలుగురు సెక్రటరీలూ ఒకరినొకరు కావలించుకున్నారు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు! ఆ ఒక్క సంగతిలో మంత్రిగారు అన్న మాట నిలబెట్టుకున్నారు.

"ఇంకొక్క మాట" అని మంత్రిగారు చెయ్యెత్తారు. "ఇంత పెద్ద ప్రయోగంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ సంగతి నేను ఈ సభ ముందు గర్వంగా ప్రకటిస్తున్నాను."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేకపోయాను. పెద్దావిడ, ఆనందం పట్టలేకపోతోంది అని పక్క కుర్చీ ఆయన ఎవరికో చెప్పాడు.

సభ జరిగింది శనివారం. ఆ ముందు మంగళవారం తెల్లవారుజామున మా అక్క ఆ గదిలోనే చనిపోయింది. ఇంటికి తిరిగి రాలేదు.