నీళ్ళు రాని కుళాయి

ఆ బుధవారం పొద్దున గ్రెక్ కుటుంబం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదేళ్ళ రోమినాను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, చెవి డాక్టరు నొప్పి పెడుతున్న చెవిలోకి ఒక్కసారి తొంగి చూడాలి, భోజనాల వేళకి ఇల్లు చేరాలి. మెల్‌బోర్న్ పడమటి పేటల్లో ఇలాంటి పనులు రోజుకి వందమంది చేసుకుంటారు, వాటి మీద కథలు ఎవరూ రాయరు.

చిక్కేమిటంటే ఈ పథకం ఇంతకుముందే మూడుసార్లు వేశారు. మూడుసార్లూ రోమినా ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, చెవుల మీది హెడ్‌ఫోన్లను రెండు చేతులతో అదిమిపట్టుకుని, కారు వైపు పరుగు తీసింది. రోమినాకు ఆటిజం. మైకులో పేర్లు పిలవడం, ట్యూబులైట్లు జుయ్‌మనడం, స్ట్రెచర్ చక్రాలు కీచుమనడం మనమైతే విని వదిలేస్తాం. ఆమెకి అవన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఈలోగా చెవి నొప్పి ముదురుతోంది, పిల్ల అన్నం సహించక చిక్కిపోతోంది. ఈసారి కూడా కుదరకపోతే మత్తు ఇచ్చి చూడటం తప్ప దారి లేదని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. ఆ మాట విన్నప్పటినుంచీ తల్లి లినెట్‌కి కంటి మీద కునుకు లేదు.

ఇంట్లో ధైర్యంగా ఉన్నది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ పేరు చెన్సా. మాల్టా నుంచి ఓడలో వచ్చిన మనిషి కనుక ఇంట్లో అందరికీ నన్నా, అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ. ప్రతి మంగళవారం సాయంత్రం 'తొమ్మిదో వార్డు' అనే ఆసుపత్రి సీరియల్ చూడటం ఆవిడకు పూజతో సమానం. నిన్నటి భాగంలో ఆటిజం ఉన్న ఒక కుర్రాడు, పెద్ద పెద్ద డాక్టర్లకు అంతుపట్టని జబ్బును ఎక్స్‌రే వైపు ఓరగా చూసి చెప్పేశాడు. తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి అయితే కథ మొదలవక ముందే ఇల్లు వదిలిపోయాడు.

"రోమీ, 2031లో ఈస్టర్ ఏ తేదీన వస్తుందో చెప్పు తల్లీ" అంది నన్నా, పస్తీత్సీ అనే మాల్టా జున్ను కజ్జికాయ పళ్ళెంలో పెడుతూ.

"నాకేం తెలుసు నన్నా? ఫోన్లో చూడు."

"దీని శక్తి ఇంకా బయటపడలేదు" అంది నన్నా కోడలితో. "లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. టీవీలో ఆ పిల్లాడికి కూడా పన్నెండో ఏట గానీ బయటపడలేదు."

"అమ్మా, టీవీలో వాళ్ళ నాన్న పారిపోయాడు కూడా. నన్నూ పొమ్మంటావా?" అన్నాడు కొడుకు సేవియర్.

"ఎక్కడికి పోతావురా నువ్వు? టీ పెట్టుకోవడం కూడా రాదు."

ఆసుపత్రిలో ఆ రోజుల్లో మరమ్మతులు జరుగుతున్నాయి. అసలు దారి మూసేశారు. ఎటు వెళ్ళాలో చెప్పే కాగితాలు అక్కడక్కడా అంటించారు గానీ, గాలికి సగం ఊడిపోయి, ఒక బాణం గుర్తు చెత్తడబ్బాను చూపిస్తోంది. కార్లు నిలిపే స్థలానికి అవతల, ఎన్నాళ్ళుగానో తాళం వేసి ఉన్న పాత భవనం మీద మాత్రం పెద్ద నీలం బోర్డు, దాని మీద తెల్లటి అక్షరాలు 'పిల్లల విభాగం', పక్కన నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. బుర్ర ఉన్నవాడెవడైనా అటే వెళతాడు. నన్నాను ఇంట్లో వదిలి వచ్చిన గ్రెక్ కుటుంబమూ అటే వెళ్ళింది. ఆ బోర్డును సోమవారం నాడు 'తొమ్మిదో వార్డు' సీరియల్ వాళ్ళు పెట్టుకున్నారనీ, ఆ భవనాన్ని షూటింగుకి అద్దెకి తీసుకున్నారనీ వాళ్ళకెలా తెలుస్తుంది?

గుమ్మంలో చెవికి వైరు తగిలించుకున్న టామ్సిన్ అనే అమ్మాయి ఎదురొచ్చింది.

"ఫ్యామిలీయేనా? ఆటిజం ఫ్యామిలీ?"

"అవును" అంది లినెట్ తెల్లబోయి.

"హమ్మయ్య! మీకోసమే చూస్తున్నాం. లోపలికి రండి. టీ తాగుతారా? పాపకి బిస్కట్లు ఇమ్మంటారా?"

లినెట్ తొమ్మిదేళ్ళుగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. ప్రతిచోటా మొదటినుంచీ చెప్పుకోవాలి, ప్రతిచోటా కూర్చోమంటారు. చూడగానే గుర్తుపట్టి, మీకోసమే చూస్తున్నాం అన్న మనిషి ఇదే మొదటిసారి తగిలింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఒకామె వచ్చి లినెట్ వేసుకున్న ఎర్ర స్వెట్టరు తీయించి బూడిదరంగుది తొడిగింది. ఎందుకు అని అడగడం లినెట్ ఆసుపత్రుల్లో ఎప్పుడో మానేసింది. ఇంకొకామె రంగుల పెట్టె తెచ్చి, కుంచె ఎత్తి, లినెట్ కళ్ళ కింద నలుపుని పరీక్షగా చూసి, కుంచె దించేసింది.

"ఈవిడకి మనం చెయ్యాల్సిందేం లేదు" అని వెళ్ళిపోయింది.

"చూశావా, నువ్వు బాగానే ఉన్నావట" అన్నాడు సేవియర్.

సేవియర్ టైల్స్ పరిచే మేస్త్రీ. అలవాటు కొద్దీ గోడ మీద వేలితో తట్టి చూసి ముఖం చిట్లించాడు. "లిన్, ఇది టైల్ కాదు. చెక్క మీద రంగు వేశారు. ప్రభుత్వం ఆసుపత్రులకి డబ్బులివ్వడం మానేసిందంటే ఏమో అనుకున్నాను, మరీ ఇంత అన్యాయమా!"

"ఊరుకో. మనుషులు మంచివాళ్ళు. గోడలతో మనకేం పని?"

బిస్కట్ చాక్లెట్ వేళ్ళకి అంటుకుంటే రోమినాకు అస్సలు నచ్చదు. గోడకున్న కుళాయి దగ్గరికి వెళ్ళి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఈ కుళాయిలో నీళ్ళు రావు" అంది.

"మరమ్మతులు కదమ్మా" అంది లినెట్, రుమాలు తీసి ఇస్తూ.

ఇంతలో ఎవరో "సైలెన్స్!" అని కేకేశారు. భవనం మొత్తం నిశ్శబ్దమైపోయింది. అలాంటి నిశ్శబ్దం ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ విని ఉండరు. నర్సులు మెత్తటి గుడ్డ అంటించిన చెప్పులతో చప్పుడు లేకుండా నడుస్తున్నారు. బల్లల మీద కూర్చున్నవాళ్ళు గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రం కదుపుతూ కబుర్లాడుకుంటున్నారు. స్ట్రెచర్ చక్రాలకు నూనె బాగా పట్టించారు. ఇదంతా వెనక నడిచే జనం అలికిడి అసలు నటుల మాటలకి అడ్డురాకుండా షూటింగుల్లో పాటించే పద్ధతి. లినెట్ మాత్రం దీన్ని ఆటిజం పిల్లలకోసం పెట్టిన కొత్త పద్ధతి అనుకుంది. రోమినా ఏమీ అనుకోలేదు. నాలుగువైపులా చూసి, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది. ఆసుపత్రిలో ఆమె చెవులు బయటికి కనిపించడం అదే మొదలు. సేవియర్ భార్య చేయి గట్టిగా పట్టుకున్నాడు.

అంతా బాగానే ఉండేది, దర్శకుడు బార్నబీ రాకపోతే. మెడలో కళ్ళద్దాల గొలుసు, వెనక నలుగురు మనుషులు. ఇతనే పెద్ద డాక్టరని లినెట్ లేచి నిలబడింది.

"ఈయనెవరు?" అన్నాడు బార్నబీ, సేవియర్‌ని చూపించి.

"తండ్రి" అంది టామ్సిన్.

"తండ్రా? తండ్రులు వెళ్ళిపోతారు కదా!"

"ఎక్కడికండీ?" అన్నాడు సేవియర్.

"ఎక్కడికో. ఆయన్ని కాఫీ మిషన్ దగ్గర నిలబెట్టండి, ఎవరి తాలూకో తెలియకూడదు." బార్నబీ రోమినా వైపు తల వంచి చూశాడు. టామ్సిన్ చెప్పుకి ఊడి వేలాడుతున్న గుడ్డపీలికను చూసి రోమినా పకపకా నవ్వుతోంది. అతను పెదవి విరిచాడు. "నవ్వుతోందేంటి? ఈ పాపలో ఆటిజం అంతగా కనబడటం లేదే. వెనక వరుసలో కూర్చోబెట్టండి."

ఆటిజం అన్న ఆ ఒక్క మాట డాక్టర్ల కాగితం మీదికి ఎక్కడానికి రెండేళ్ళు తిరిగిన మనిషి లినెట్. ఆమె గొంతు వణికింది. "డాక్టర్ గారూ, మా పిల్ల నవ్వుతుందండీ. బాగా నవ్వుతుంది. నవ్వితే లేనట్టా?"

"అబ్బ, ఆ గొంతు అలాగే ఉంచండి. బ్రహ్మాండం!" అన్నాడు బార్నబీ, వెళుతూ వెళుతూ.

"ఈ కుళాయిలో నీళ్ళు రావు" అంది రోమినా అతనితో.

బార్నబీ ఠక్కున ఆగిపోయాడు. "ఏమన్నావు? మళ్ళీ అను. ఎండిపోయిన కుళాయి! ఎండిపోయిన తల్లి కన్నీళ్ళు! ఇది కథలో పెట్టాలి. ఎవరక్కడ, రాసుకోండి!"

రోమినా వేళ్ళు జిగటగానే ఉన్నాయి.

ఆ తర్వాత ముందు వరుసలోకి ఇంకొక పాపను తెచ్చారు. ఆ పాప ఎవరి ముఖమూ చూడదు, ముందుకీ వెనక్కీ ఊగుతుంది, చెక్కముక్కలు వరసగా పేరుస్తుంది. పక్కనున్న తల్లి ఒకటే ఏడుపు. చుట్టూ ఉన్న కెమెరాలు డాక్టరు చదువులవాళ్ళకోసం కాబోలనుకుంది లినెట్. ఎదురుగా తెల్లకోటు డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, "నువ్వు వేరే లోకంలో ఉన్నావు, నేనక్కడికి వస్తాను" అన్నాడు. లినెట్ గుండె నీరైపోయింది. "పాపం, మన రోమీకంటే ఎంత కష్టమో" అనుకుంది.

కాసేపటికి భోజనాల విరామం అన్నారు. ఊగుతున్న పాప టక్కున ఆగి, డాక్టరు కళ్ళలోకి చూసి, "హ్యూ, చిప్స్ ఉన్నాయా? సాస్ కూడా తే!" అని ఎగురుకుంటూ పోయింది.

సేవియర్ చేతిలోని కాఫీ ఒలికింది. పరుగున వచ్చి, "లిన్, చూశావా? పదినిమిషాల్లో తగ్గించేశారు! ఏమిచ్చారో కనుక్కుంటాను. మన పిల్లకీ ఇప్పిద్దాం!" అన్నాడు.

లినెట్ లేవబోయి కూర్చుండిపోయింది. ఒక్క క్షణం ఆమెకు అది కావాలనిపించింది. అబద్ధం ఎందుకు? ఎన్నో రాత్రులు అదే అడిగింది దేవుణ్ణి. పక్కకి చూస్తే రోమినా ఒళ్ళంతా వాల్చేసి, తల్లి భుజానికి తల ఆనించి, తనకిష్టమైన పాట కూనిరాగం తీస్తోంది. ఈ పిల్ల స్థానంలో ఆ పాపని ఊహించుకుని చూసింది. మనసు ఒప్పుకోలేదు.

"చెవికి మందు అడుగు, చాలు" అంది. "పిల్ల ఇలాగే ఉండనీ."

సేవియర్ అప్పటికే డాక్టరు దగ్గరికి చేరాడు. "డాక్టర్ గారూ, ఆ పాపకి ఎలా తగ్గిందండీ?"

"లంచ్ కదండీ" అన్నాడు హ్యూ, నోట్లో సాసేజ్ రోల్ పెట్టుకుని.

"అందరికీ లంచ్ టైముకి తగ్గిపోతుందా?"

హ్యూ నమలడం ఆపేశాడు. అదే సమయానికి గుమ్మంలో అలజడి. అసలైన చెవి డాక్టరు నిలంతి, వెంట బిక్కముఖాలతో ఇంకొక కుటుంబం, రొప్పుతూ లోపలికి వచ్చారు. ఆ కుటుంబమే షూటింగ్ వాళ్ళు వెనక వరుసకోసం పిలిపించుకున్నది. దారి తప్పి అసలు ఆసుపత్రికి పోయారు. గ్రెక్ ఫ్యామిలీయేనా అంటే, అది కథలో తమ పేరే అయి ఉంటుందని తలలూపారు. నిలంతి ముగ్గురి చెవులూ చూసేసింది. చివరికి ఆ పిల్లాడు, "డాక్టర్, నేనిప్పుడు అరవాలా, గోడకేసి చూడాలా?" అని అడిగాడట. అప్పుడు గానీ ఆమెకు అనుమానం రాలేదు.

అంతా బయటపడేసరికి లినెట్ ముఖం పాలిపోయింది. నాలుగోసారి కూడా పోయింది. పిల్ల పేరు పిలిచే వేళ దాటిపోయింది. ఇక మిగిలింది మత్తు ఒక్కటే. బూడిదరంగు స్వెట్టరు విప్పబోతూ ఏడ్చేసింది. ఈసారి బార్నబీ బ్రహ్మాండం అనలేదు.

"నేను పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాను" అంది రోమినా. "ఇది ఆసుపత్రి కాదు. కుళాయిలో నీళ్ళు రావు."

అది నిజం. కుళాయిని లినెట్ చూసింది, టైల్‌ని సేవియర్ తట్టాడు. ఇద్దరూ సంజాయిషీలు వెతుక్కున్నారు. పిల్ల వెతుక్కోలేదు, అంతే.

నిలంతి మాత్రం రోమినా మెడలో ఉన్న హెడ్‌ఫోన్ల వైపు చూస్తోంది. "తీసేసిందే!" అంది మెల్లగా. "ఇక్కడ చూస్తే కూర్చుంటుందా?"

"ఇక్కడ చప్పుడు లేదు. కూర్చుంటాను" అంది రోమినా. "ముందు చేతులు కడుక్కోవాలి."

టామ్సిన్ పరుగెత్తి బకెట్‌తో నీళ్ళు తెచ్చింది. బార్నబీ గొంతు సవరించుకుని "సైలెన్స్!" అన్నాడు. కెమెరా ఒక్కటి కూడా తిరగడం లేదు. అయినా నర్సులు చప్పుడు లేకుండా నడిచారు, రోగులు పెదవులు కదిపారు, హ్యూ తన తెల్లకోటు విప్పి కుర్చీ మీద పరిచాడు. ఇంతమంది నటులు ఒక్క ప్రేక్షకురాలికోసం అంత శ్రద్ధగా నటించడం ఆ సీరియల్ చరిత్రలో లేదు. వెనక వరుసకి వచ్చిన కుటుంబం కూడా వెనక వరుసలో కూర్చుని తమ వంతు పని చేసింది.

అందరూ చూస్తుంటే నిలంతి పరికరాన్ని ఒకసారి ఎత్తి మళ్ళీ దించింది. బార్నబీ అలవాటు కొద్దీ, "డాక్టర్, ఇంకాస్త నమ్మకంగా" అని గుసగుసగా అన్నాడు.

చెవిలోంచి బయటికి వచ్చింది చిన్న పసుపుపచ్చ స్పాంజి ముక్క. చలికాలంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు, చప్పుడు పడదని సేవియర్ తన చేత్తో పెట్టిన బిరడా తెగి మిగిలిపోయిన ముక్క అది. దాని చుట్టూ చీము పట్టింది. వారం రోజులు చుక్కల మందు వేస్తే చాలని నిలంతి చెప్పింది. సేవియర్ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకున్నాడు.

"నాన్నా, ఇప్పుడు నొప్పి తక్కువగా ఉంది" అంది రోమినా. "ఇంటికి పోదాం."

నిలంతి వెళుతూ బార్నబీని అడిగింది, గురువారాలు ఈ గది ఖాళీగా ఉంటుందా అని.

కొన్ని వారాలకి ఆ భాగం టీవీలో వచ్చింది. నన్నా పస్తీత్సీ పళ్ళెం, రుమాలు పక్కన పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఊగే పాప ఊగడం ఆపి, ఎక్కడో శూన్యంలోకి చూస్తూ, "ఈ కుళాయిలో నీళ్ళు రావు" అంది. వెనక వయొలిన్ మోగింది, తల్లి కుప్పకూలింది, హ్యూ కన్నీరు తుడుచుకున్నాడు. నన్నా రుమాలు తడిసి ముద్దయింది.

"ఎంత లోతైన మాట!" అంది. "చూశావా రోమీ, ఆ పాప ఎంత తెలివైందో!"

"నిజంగానే నీళ్ళు రావు నన్నా" అంది రోమినా.

ఆవిడ వినిపించుకోలేదు. తెరకి దగ్గరగా వంగి, కళ్ళు చికిలించి, వెనక వరుసకేసి వేలు చూపించింది. అక్కడ ఒక పిల్ల వేళ్ళు నాకుతూ పకపకా నవ్వుతోంది, పక్కన బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న తల్లి ఆ పిల్లని చూసి తనూ నవ్వుతోంది, కాఫీ మిషన్ దగ్గర ఎవరి తాలూకో తెలియని మగమనిషి గోడ తడుతున్నాడు.

"వీళ్ళనెక్కడ పట్టుకొచ్చారో గానీ, అస్సలు నమ్మేలా లేరు" అంది నన్నా. "ఆసుపత్రిలో ఎవరైనా అలా నవ్వుతారా? అలాంటి పిల్ల ఉన్న ఇల్లంటే ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు!"

నన్నా కళ్ళు డాక్టరుకి చూపించాలని ఆ సాయంత్రమే ఇంట్లో అందరూ తీర్మానించారు గానీ, ఏ ఆసుపత్రిలో అన్నది మాత్రం ఇంకా తేలలేదు.