టిచ్ బటన్ల సాక్ష్యం

మొగుడి మాట నమ్మినా నమ్మకపోయినా, గుండీ మాట నమ్ముతుంది లిదియా. అందుకే ట్రాలీ తాళంచెవి కొంగున ముడేసుకుని ఒకే షరతు పెట్టింది.

"కుడిచేత్తోని అంగీ గుండీలన్నీ పెట్టుకో. ఆ రోజే తాళం ఇస్త."

ఆలూరు వరప్రసాద్ చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు కూరగాయల ట్రాలీ తోలేవాడు. నలభై దాటీ దాటకముందే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు తొందరగానే దారికొచ్చింది. నోరు అంతకంటే ముందే వచ్చింది. చెయ్యి మాత్రం అలిగిన కొత్తల్లుడిలా భీష్మించుకుంది. వాకిట్లో ఊరికే నిలబడ్డ ట్రాలీని చూస్తే అతనికి ఏడుపొచ్చేది. బండి తోలకపోతే తానెవరో తనకే తెలియడం లేదు.

చివరికి దర్జీ అంజిలయ్య దగ్గరికి చేరాడు.

"అన్నా, పైన ఉత్త గుండీలు కుట్టు. కింద ఒత్తితే అతుక్కునే టిచ్ బటన్లు పెట్టు."

"చిన్నపిల్లల గౌన్లకు పెడ్తరు, అవేనా?"

"అవే గని, జర మెల్లగ మాట్లాడు."

ఆదివారం పొద్దున టకటకా ఒత్తుకుని పెళ్లాం ముందు నిలబడ్డాడు. లిదియా ఎగాదిగా చూసింది.

"అబ్బో, దేవుని మహిమ! చర్చిల సాక్ష్యం చెప్పాలె."

"సాక్ష్యమెందుకే? తాళం ఇయ్యరాదు?"

"సాక్ష్యం తర్వాతనే తాళం."

చేసేదేముంది? సంఘం ముందు నిలబడి, "ఈ గుండీలు నేనే పెట్టుకున్న" అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక్క క్షణం అతనూ నమ్మేశాడు.

"హల్లెలూయ! రెండు చేతులూ పైకెత్తు వరప్రసాదూ!" అన్నాడు పాస్టరయ్య.

ఎత్తకపోతే సాక్ష్యం అబద్ధమైపోతుంది. పళ్లు బిగించి ఎత్తాడు. కుడిచెయ్యి భుజం దాటింది, చెవి దాటింది.

టప్. టప్. టపటపటప్.

మిగతా సాక్ష్యం చిరుగుల బనీను చెప్పింది. ముందు వరుసలో ప్రేమమ్మవ్వ కళ్లు మూసుకుని వేళ్ల సందుల్లోంచి చూసింది.

ఇంటికొచ్చాక తల దించుకునే అడిగాడు. "నీకు ముందే తెల్సా?"

"ఇస్త్రీ చేసింది నేనే గదా."

"మరి నిన్ననే తిట్టకపోయినవ్?"

"తిడ్తే చెయ్యి లేస్తుండెనా? కసరత్తు చేపిచ్చే మేడం నెత్తినోరు కొట్టుకున్నా భుజం దాటలే. చేతులెత్తిపియ్యుమని పాస్టరయ్యకు చెప్పింది గూడ నేనే."

వరప్రసాద్ తన చేతిని చూసుకున్నాడు. నిజమే, లేచింది. సంతోషమో సిగ్గో తెలియక నవ్వాడు.

"అయితే తాళం?"

లిదియా కొంగు ముడి విప్పి, ట్రాలీ ఎక్కి, స్టీరింగ్ ముందు కూర్చుని బండి స్టార్ట్ చేసింది.

"ఓయమ్మో! నువ్వెప్పుడు నేర్సినవే?"

"నువ్వు దవాఖానల కసరత్తు చేస్తుంటే నేను బయట ముగ్గులేస్తున్ననా? ఎదురుంగనే డ్రైవింగ్ స్కూలున్నది. లైసెన్సు గూడ వచ్చింది. ఎక్కు, మొయినాబాద్ పోదాం."

అతను పక్కసీట్లో కూర్చోగానే అసలు గుండీలున్న పాత అంగీ ఒళ్లో పడేసింది. "పొయ్యేలోపు ఒక్కటన్న పెట్టు."

చేవెళ్ల మూలమలుపులో లారీ ఎదురొచ్చింది.

"బ్రేక్! బ్రేక్ కొట్టు!" అరిచాడు వరప్రసాద్.

"రోడ్డు నేను సూస్తున్న," అంది లిదియా. "నువ్వు గుండీ సూస్కో."