కదలని గుట్టలు

తొమ్మిది గంటలకు అక్క బట్టల సంచి సర్దుకుంటోంది, అదీ ప్రయోగశాలలోనే. ఒక కన్ను మడతల మీద, ఇంకో కన్ను కంప్యూటరు తెర మీద. పదకొండు గంటల బస్సుకు ఆమె వేరే ఊరి ఉద్యోగానికి వెళ్లిపోతోంది. ఈలోగా ఒక్క మంచి చిత్రం తీసి చెల్లెలికి అప్పగించాలని ఆమె పథకం. చెల్లెలంటే తోడబుట్టినది కాదు, తన తరవాత ఆ గదిలో చేరిన పరిశోధక విద్యార్థిని. ఆ పిల్ల నాలుగేళ్ల చదువంతా ఆ చిత్రం మీదే నిలిచి ఉంది. పరమాణువుల బొమ్మ తీసే ఆ యంత్రంలోని సూదిని లొంగదీసుకోవడం తెలిసినది మాత్రం అక్క ఒక్కతికే.

ఆ సూది మొనలో ఒకే ఒక్క పరమాణువు. పొరలుగా ఊడే స్ఫటికానికి టేపు అంటించి, పై పొర లాగేసి, ఘోరమైన చలిలో ఉంచి, దాని మీద తగలకుండా సూదిని నడిపిస్తారు. మధ్యనున్న సందు దాటి ఎలక్ట్రాన్లు వస్తాయి. ఎక్కువగా వచ్చిన చోట అవి గుమిగూడాయన్నమాట. ఒక్కో చిత్రానికి పదకొండు నిమిషాలు.

ఆ రోజు పరమాణువుల వరసల మీద ఎలక్ట్రాన్లు గుమిగూడినట్టు వేరే గుట్టల వరస ఒకటి తేలింది. చెల్లెలు ఎగిరి గంతేసింది. తెర మీది గీత కూడా గంతేసింది.

"ఎగరకే తల్లీ! నేల వణికితే బొమ్మా వణుకుతుంది."

"అయితే అక్కా, ఈ గుట్టలు కూడా ఎవరో నడిస్తే వచ్చినవేనా?"

"అయ్యుండొచ్చు. తేల్చుకోవాలంటే..."

చెల్లెలు మిగతాది వినలేదు. పరుగున వెళ్లి లిఫ్టు మీట కిందికి లాగేసింది. మెట్ల దగ్గర కాగితం అంటించింది: 'గంటసేపు ఎవరూ నడవవద్దు. తలుపులు వేయవద్దు.'

మొదటి అంతస్తు గుమాస్తా అది చదివాడు. లిఫ్టు ఆగింది. గోడలోంచి దబదబమని చప్పుడు.

"కారణం రాయలేదంటే చెప్పుకోలేనిదేనయ్యా! బిల్డింగు కూలుతోంది, పదండి!"

రెండు వందల మంది మెట్లు దిగారు. తెర దున్నిన చేనులా మారింది. చెల్లెలు తల పట్టుకుంది. అంతలో ఫోను మోగింది. లిఫ్టులో ఇరుక్కున్న ప్రొఫెసరు గారు.

"ఆపింది నువ్వేనా అమ్మా?"

"నేనే సార్. ఇంకొక్క చిత్రం సార్..."

"సరే, కొట్టడం మానేసి కూర్చుంటాను. కానివ్వు."

ఖాళీ అయిన భవనం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. పదకొండు నిమిషాలకు అవే గుట్టలు, అక్కడే. అప్పుడు అక్క సూది వేగం సగానికి తగ్గించి మళ్లీ తీసింది. వణుకు వల్ల వచ్చినవైతే వేగం మారగానే గుట్టల మధ్య దూరం మారాలి. ఇసుమంతైనా మారలేదు.

చెల్లెలు నోరు తెరిచింది. "వేగం మారిస్తే తెలిసిపోతుందా? తొమ్మిదింటికే చేస్తే ఇంత గోల ఉండేది కాదు కదక్కా!"

"చెప్పబోతే నువ్వు ఆగావా?"

"వెనక నుంచి కేకెయ్యొచ్చుగా!"

అక్క సంచి మూతి బిగించింది. "వేసేదాన్నే. అప్పుడు తొమ్మిదిన్నరకల్లా పనైపోయేది. మిగిలిన సేపు నీ ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడనే?"

చెల్లెలు వెళ్లి లిఫ్టు మీట పైకెత్తింది.

ప్రొఫెసరు గారు బయటికొచ్చి చాలాసేపు చిత్రం చూశారు. "బాగుంది. కదలకుండా కూర్చున్నందుకు నా పేరు కూడా వేస్తారా?"

"పది రోజుల్లో వచ్చి రెండో స్ఫటికం చూస్తాను. సూది ముట్టుకోకు," అని చెల్లెలితో చెప్పి అక్క బస్సుకు వెళ్లింది.

అది జూన్ నాలుగో తారీకు, మంగళవారం. ఆ తరవాత పదమూడేళ్లకు ప్రయోగశాల మూసేశారు, అప్పటికీ అక్క తిరిగి రాలేదు.